పెట్టెకు ఊపిరాడని వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ముందు వేడెక్కింది పెట్టె. మనుషులం ఆ తర్వాత అందుకున్నాం.

పెట్టె అంటే బట్టల పెట్టె అనుకునేరు. మా వెనక గదిలో, ఇనుప బీరువాలో కొలువుదీరిన స్విచ్చి అది. దీపం వేసే స్విచ్చి కాదు, మా వీధికీ చుట్టుపక్కల వీధులకీ ఇంటర్నెట్టు పంచే స్విచ్చి. ఎవరింట్లో బొమ్మ కదలాలన్నా, ఎవరి ఫోను పలకాలన్నా దాని కడుపులోంచి వెళ్ళాల్సిందే. మా కడుపులు నిండేదీ దాని వల్లే. నెట్టుతోనే సంసారం నెట్టుకొస్తున్న కుటుంబం మాది.

ఈ సంస్థకి యజమాని మా ఆవిడ. పవరంతా ఆవిడ చేతిలో ఉంటే, మాకు మిగిలేది పవర్ కట్టు. నేను స్క్రీను ముందు కూర్చుని కస్టమర్ల ఫోన్లు ఎత్తుతాను. ఫోను లేకుండా మాట్లాడినా వాళ్ళకి వినబడుతుందని వీధిలో నాకు ‘మైకు’ అని పేరు. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, నిచ్చెనలెక్కుతాడు, వైర్లు లాగుతాడు, బజారుకెళ్ళి సామాను తెస్తాడు. జేబులో కరెంటు కొలిచే మీటరు లేకుండా పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడు. మాటను నమ్మడు, మీటరును నమ్ముతాడు. అందుకని వాడు ‘మీటరు’. వాళ్ళిద్దరి తల్లి, మా అత్తగారు, హాల్లో పేము కుర్చీలో కూర్చుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ కనిపెట్టుకుని ఉంటుంది.

మా పెట్టె వెనక భాగంలో రెండు పవర్ సప్లైలు పక్కపక్కనే దూరి ఉంటాయి. ఒక్కోటి ఇటుకంత. ఒకటి చచ్చినా రెండోది బండి లాగుతుంది. ఒక్కోదానికి సొంతంగా ఒక చిన్న ఫ్యానూ, పట్టుకుని బయటికి లాగడానికి ఒక పిడీ ఉంటాయి. ఎండలు మొదలైన రోజుల్లో కరెంటు ఒక్కసారి ఎగిరిపడి, అందులో ఒకటి మాడిపోయింది. మీటరు బజారంతా గాలించి, అలాంటిదే ఒకటి పాతది పట్టుకొచ్చి దూర్చాడు. పచ్చ లైటు వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. తొందరపడ్డాం.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పెట్టె ఉన్నట్టుండి కళ్ళు మూసింది. కాసేపటికి దానంతటదే తెరిచింది. మర్నాడూ అదే వరస. ఆ మర్నాడు ఫోను మోగింది. వీధి చివర నర్సింగ్ హోము నడిపే డాక్టరమ్మ.

“ఏమండీ, మళ్ళీ పోయింది. పేషెంటు బల్ల మీద ఉంది. స్కాను చూడాల్సిన పెద్ద డాక్టరుగారు పై ఊళ్ళో స్క్రీను ముందు కూర్చుని ఉన్నారు. మధ్యలో మీరు పోయారు.”

“మేం పోలేదమ్మా, ఇక్కడే ఉన్నాం. మా స్విచ్చికి మధ్యాహ్నం కునుకు అలవాటైంది. లేపుతున్నాం, మొహం కడిగి పంపిస్తాం.”

అవతల డాక్టరమ్మ నవ్వలేదు. ఇవతల మీటరు అసలే నవ్వలేదు. నా చేతిలోంచి ఫోను లాక్కుని, “అమ్మా, నేను చూస్తా” అని పెట్టేశాడు. బిల్లు కట్టడానికి వచ్చిన నలుగురూ చూస్తూనే ఉన్నారు.

“బావా, నీ నోరు కాసేపు కట్టేస్తే గది సగం చల్లబడుద్ది. పెట్టె వేడెక్కిందంటే వినవు.”

“వేడి కాదురా, కరెంటు సరిగ్గా రావట్లేదు. నీ మీటరు గిర్రున తిరుగుతోంది, నీ బుర్ర తిరగట్లేదు.”

“బుర్ర ఉన్నవాడు అక్క సంపాదన మీద కూర్చుని జోకులేయడు.”

ఆ మాట పడ్డాక నేను లేచి బయటికొచ్చేశాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఇన్ని ఇళ్ళకి కనెక్షన్లిచ్చే ఇంట్లో మా ఇద్దరి మధ్య కనెక్షను తెగిపోయింది. వైరు ఉన్నచోట వైరం కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆవిడ బతిమాలలేదు, బెదిరించలేదు. “పొద్దుటి పూట ఆయన, భోజనాలయ్యాక నువ్వు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు” అని పూటలు పంచేసింది.

“మరి చెప్పుకోవాల్సింది ఎవరితో చెప్పుకోవాలి?” అన్నాను.

“నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి. నేను ఓనర్ని, వైర్ని కాదు.”

ఆ ఉద్యోగం అత్తగారు తనంతట తానే తీసుకుంది. నేను డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ కుర్చీ దగ్గర ఆగి చెప్పాల్సింది చెప్తాను. వాడు ఎక్కేటప్పుడు ఆవిడ వాడికి చెప్తుంది. సాయంత్రం వాడి మాట నాకు. మా ఇద్దరి కబుర్లకి ఆవిడే కేబులు.

నాది కరెంటు పార్టీ. గోడ ప్లగ్గు మార్పించాను. ఇంట్లో ఫ్యాన్లన్నీ బ్యాటరీకి తగిలించి, బరువు మోస్తుందేమో చూశాను. పక్కింటి ఏసీ మొదలైనప్పుడు మా దీపం మినుకుమంటుందేమో అని, దాని చప్పుడు కోసం గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. పక్కింటాయన కిటికీలోంచి చూసి, ఆ తర్వాత నన్ను పలకరించడం తగ్గించాడు. కరెంటు నిక్షేపంగా ఉంది.

వాడిది వేడి పార్టీ. కుంచెతో పెట్టె సందుల్లో దుమ్మంతా దులిపాడు. బీరువా తలుపు ఊడదీశాడు. కిటికీకి తడి దుప్పట్లు కట్టాడు. ఏసీ గాలి సూటిగా పెట్టె మొహాన కొట్టేలా అట్టముక్కతో దారి చేశాడు. గదిలో నాకు వణుకు, పెట్టెకి జ్వరం. వాడి చల్లదనం బాగుంది, నా కరెంటు బాగుంది, పెట్టె ఒక్కటే బాగాలేదు. రోజు విడిచి రోజు మధ్యాహ్నం, లోపలి వేడి హద్దు దాటగానే తనని తాను ఆపేసుకునేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బీరువా వెనక భాగం గోడ వైపుకి ఉంటుంది. ఆ సందులోకి మీటరు పడతాడు. నేను పట్టను. ఒకసారి ప్రయత్నిస్తే నా పొట్ట లోపలా, నేను బయటా ఉండిపోయాం. కాబట్టి వెనక ఏముందో నేను చూడలేదు. మీటరు స్క్రీను చూడడు. అందులో పెట్టె రాసుకునే ఫిర్యాదులు వరసగా దిగుతూ ఉంటాయి. మాటలు ఎక్కువున్నవేవీ వాడికి గిట్టవు, నాతో సహా.

ఒక పొద్దున ఆ ఫిర్యాదుల గుంపులో ఒక కొత్త వాక్యం నా కంట పడింది. పవర్ సప్లైల గాలి దిశ కలవడం లేదట. నాకు సగమే అర్థమైంది, కోపం మాత్రం పూర్తిగా వచ్చింది. దిగుతూ అత్తగారి దగ్గర ఆగాను.

“అత్తయ్యా, మీవాడికి చెప్పండి. వాడు తెచ్చిన సప్లై గాలి దిశ తేడాగా ఉందని పెట్టె మొత్తుకుంటోంది. కొనేటప్పుడు తలకాయ ఇంట్లో పెట్టి వెళ్ళాడా అని అడగండి.”

“అలాగే బాబూ.”

సాయంత్రం జవాబొచ్చింది. “చిన్నోడు నిన్ను వేళకి భోంచెయ్యమన్నాడు బాబూ. ఎండలో తిరగొద్దన్నాడు.”

నాకు ఒళ్ళు మండింది. నేను గాలి గురించి అడిగితే వీడు భోజనం గురించి చెప్తాడా! ఇంత ముఖ్యమైన విషయాన్ని లెక్కే చెయ్యలేదన్నమాట. మర్నాడు ఇంకాస్త కారం కలిపి చెప్పి పంపాను. జవాబుగా నా మోకాలి నొప్పి ఎలా ఉందో కనుక్కున్నాడట. ఇంత మర్యాద నేను భరించలేకపోయాను. వెటకారం అనుకున్నాను.

వారం గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ కంచంలోంచి తలెత్తకుండా మాట్లాడింది. “డాక్టరమ్మ పెద్ద కంపెనీ వాళ్ళని పిలిపించి మాట్లాడిందట. ఆవిడ పోతే వీధి మొత్తం ఆవిడ వెనకే పోతుంది. అప్పుడు పెట్టె అమ్మేద్దాం. తమ్ముడికి ఒక ఊళ్ళో ఉద్యోగం, మీకు ఇంకో ఊళ్ళో. అమ్మ ఎవరి దగ్గరుంటుందో అప్పుడు తేల్చుకుందాం.”

అత్తగారు నీళ్ళు తాగబోయి దగ్గింది. ఆ దగ్గు తగ్గలేదు. తెల్లారేసరికి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది.

నేనే నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గొంతులోకి దీపం వేసి చూసి, “ఏం చేశారమ్మా ఈ గొంతుని? పొద్దస్తమానం మాట్లాడుతున్నట్టున్నారు. వారం పాటు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దు” అంది.

అత్తగారు నావైపు బెంగగా చూసింది. ఉద్యోగం పోయినవాళ్ళ చూపు అది.

లేచి వస్తుంటే డాక్టరమ్మ నన్ను ఆపింది. “రేపు మధ్యాహ్నం కవలల తల్లికి స్కాను. ఒక బిడ్డ ఎదుగుదల సరిగ్గా లేదనిపిస్తోంది. పై ఊరి డాక్టరుగారు చూస్తూ నాకు చెప్పాలి, మళ్ళీ దొరకరాయన. రేపు గానీ మీ లైను పడిపోయిందంటే, నన్ను అడక్కండి. పెద్ద కంపెనీతో సంతకం పెట్టేస్తాను.”

నాకో జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ వేసవిలో నేను మింగిన మొదటి జోకు అదే.

మర్నాడు పూట మారే వేళయింది. నేను డ్యూటీ దిగలేదు. దిగితే చెప్పడానికి మనిషి లేదు. మీటరు వచ్చి గుమ్మంలో ఆగాడు. నేనున్నానని వెనక్కీ వెళ్ళలేడు, పలకరించలేడు. ఇద్దరం కలిసి హాల్లో అత్తగారి వైపు చూశాం.

ఆవిడ మహా ఉత్సాహంగా లేచి వచ్చింది. నేను ఆవిడతో, “అత్తయ్యా, వాడు తెచ్చినదాని గాలి దిశ తేడాగా ఉందని మళ్ళీ రాస్తోంది” అన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి, చేత్తో అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నట్టు చూపించింది.

“భోంచేశానమ్మా” అన్నాడు మీటరు. “ఆయన్నడుగు, నీలం పిడికీ ఎర్ర పిడికీ తేడా ఏంటని నేను ఎన్నిసార్లు అడిగి పంపా? అన్నీ తెలిసిన మేధావి కదా, నోరు తెరవడేం?”

ఆవిడ నావైపు తిరిగి, తన మోకాలు మీద చెయ్యి వేసుకుని, ఎలా ఉందన్నట్టు కళ్ళెగరేసింది.

ఆవిడ చెయ్యి ఇంకా మోకాలు మీదే ఉంది.

“ఏ పిడి?” అన్నాను వాడితోనే.

“ఎర్రది. నేను తెచ్చినదానిది. పాతవి రెండూ నీలం.”

“నువ్వు ఈ సంగతి అడిగి పంపించావా?”

“మన మాటలు ఆగిన రోజు నుంచీ. నువ్వు గాలి సంగతి చెప్పి పంపావా?”

“వారం నుంచి మొత్తుకుంటున్నా.”

ఇద్దరం మళ్ళీ ఆవిడ వైపు చూశాం. అత్తగారు మెల్లిగా కొంగు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. మా మాటల్లో తిట్లు ఏరి పారేసి, మంచి మాత్రమే అందించింది ఆ మహాతల్లి. తిట్లకి అంటుకుని ఉన్న గాలీ పిడీ కూడా వాటితోపాటే పోయాయి. మంచి అంటూ ఏమీ మిగలకపోతే, భోజనం పెట్టి పంపేది.

“వెనక్కి దూరు” అన్నాను. “ఒక సన్నని కాయితం ముక్క పట్టుకెళ్ళు.”

మీటరు పత్రిక అంచు చింపుకుని సందులోకి దూరాడు. నేను ముందువైపు స్క్రీను దగ్గర కూర్చున్నాను. కనబడేది వాడికి, చదివేది నేను.

“నీలం దాని దగ్గర పెట్టు.”

“పెట్టా. కాయితం ఎగిరిపోతోంది. గాలి బయటికి తోస్తోంది, వేడిగా.”

“అలాగే ఉండాలి. ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వదలాలి. ఇప్పుడు ఎర్రది.”

నేను సందు వైపు మెడ చాపాను.

“రేయ్?”

“బావా…” వాడి గొంతు మారిపోయింది. “అతుక్కుపోయింది. కాయితం జాలీకి అతుక్కుపోయింది. ఇది లోపలికి లాగుతోంది.”

ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. నీలంది కక్కిన వేడిగాలిని పక్కనే ఉన్న ఎర్రది మళ్ళీ మింగుతోంది. పెట్టె తన సెగను తానే తాగుతూ కూర్చుంది. ముందు నుంచి వాడెంత చలి కొట్టించినా లోపలికి వెళ్తేగా! పిడి రంగు అందానికి కాదు, గాలి ఎటు పోతుందో చెప్పడానికట. పచ్చ లైటు మాత్రం కరెంటు బాగుందని చెప్పి ఊరుకుంది. దాని పని అంతవరకే.

“ఎర్రది పీకెయ్” అన్నాను.

“పీకితే ఒక్కదాని మీదే నడవాలి. అది గానీ పోయిందా…”

“ఉంచితే వేడికి ఎలాగూ పోతుంది. డాక్టరమ్మ స్కాను ఇవాళే.”

“నీ కరెంటు మీద నమ్మకమేనా?”

“గోడకి చెవి పెట్టి మరీ విన్నాన్రా. పక్కింటాయన సాక్షి.”

క్లిక్కుమని చప్పుడు. స్క్రీను మీద సరికొత్త ఫిర్యాదొకటి దిగింది, ఒక సప్లై మాయమైందని. పెట్టె మాత్రం ఆగలేదు.

“ఖాళీ కన్నంలోంచి గాలి అడ్డదారి పడుతోంది బావా. పాత కాలిపోయినది బల్ల కింద ఉంది, అందుకో. ప్లగ్గు లేకుండా దాన్నే ఇందులో దూర్చేస్తా. కన్నమన్నా మూసుకుంటుంది.”

ఆ మాట నాకు తట్టేది కాదు. చచ్చిన నీలం పిడిని సందులోంచి అందించాను. వాడి వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. ఇద్దరివీ చెమటతో జారుతున్నాయి.

బయటికొచ్చాక వాడు తొలిసారి నా పక్కన కూర్చుని స్క్రీను చూశాడు. వేడి చూపించే అంకె ముందు కదలలేదు. తర్వాత ఒక మెట్టు దిగింది. ఇంకొంచెం దిగింది. మా ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో గుమ్మంలో నిలబడే ఉంది. అత్తగారు లేచి వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది.

ఎండ నెత్తికెక్కింది. పెట్టె మామూలుగా కళ్ళు మూసే వేళ వచ్చింది. కిటికీ అద్దం చెయ్యి పెడితే కాలుతోంది. నలుగురం ఆ అంకెకేసి చూస్తూ, అది దిగితే ఊపిరి వదులుతూ, ఆగితే బిగబడుతూ కూర్చున్నాం. ఇంట్లో ఒక్కరూ మాట్లాడలేదు. నేను కూడా. మా ఆవిడ మధ్యలో నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

ఫోను మోగింది.

మీటరు నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను. మా ఆవిడే ఎత్తింది. విన్నది. “ఆఁ… ఆఁ… సరేనమ్మా” అంది. పెట్టేసింది.

“ఏమంది?” ముగ్గురిలో నోరున్న ఇద్దరం అడిగాం.

“స్కాను మొత్తం చూశారట. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదట. చిన్న బిడ్డ కాస్త వెనకబడి ఉంది కానీ భయం లేదన్నారట. మందు మార్చారు. పెద్ద కంపెనీ వాళ్ళని రావద్దని చెప్తోందట.”

మా ఆవిడ అక్కడే నేల మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. మేం కంగారుపడ్డాం. తీరా చూస్తే నవ్వుతోంది. ఏడుస్తూ నవ్వుతోంది. అత్తగారు పక్కన చేరి వీపు నిమురుతుంటే, “అమ్మా, ఇక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు. ఎవరి తిట్లు వాళ్ళే తిట్టుకోనీ” అంది. అత్తగారు బుద్ధిగా తలాడించింది.

మీటరు ఆ సాయంత్రమే ఎర్ర పిడిని సంచిలో వేసుకుని బజారుకెళ్ళి, నీలం పిడిది మార్పించుకొచ్చాడు. దూర్చేముందు కాయితం ముక్కతో గాలి చూశాడు, తర్వాత మీటరుతో కరెంటు చూశాడు. ఇద్దరం బీరువా పక్కన, గోడకి వీపు ఆనించి చతికిలబడ్డాం. వెనక సందులోంచి వెచ్చటి గాలి ఒకే దారిన వచ్చి మా చెవుల మీద కొడుతోంది. అంత వేడిగాలి ఒంటికి అంత హాయిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

“ఆ రోజు నేనన్న మాట…” అని మొదలుపెట్టాడు మీటరు.

“నాకు గుర్తులేదు.”

“అబద్ధం.”

“అబద్ధమే. ఇంకోటి చెప్పు.”

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. “నీ అంత వాగుడుకాయ ఈ భూమ్మీద ఇంకోడు లేడు బావా. వారం నుంచి నువ్వు మర్యాదగా నా ఆరోగ్యం కనుక్కుంటుంటే, నీకేదో పెద్ద జబ్బు చేసిందేమో అని హడలి చచ్చాను. కొన్నాళ్ళ మనిషివే అనుకున్నా.”

మధ్యలో ఎవరూ వడకట్టని తిట్టు. చిక్కగా, పొగలు కక్కుతూ, నేరుగా నాకే వచ్చింది.

“ఆగావేంట్రా?” అన్నాను కాళ్ళు బారజాపుకుని. “కానివ్వు, తిట్టు.”